అల్లం బిస్కెట్ల పొట్లం

బ్రాక్‌లీ బీడులో గుర్రాలకు తిండి పెడుతూ హిల్డా గోలప్ కంటపడిన మనిషి మళ్లీ ఆ జన్మలో క్యారెట్ ముట్టుకోడు. ఏళ్ల తరబడి బడి వంటింట్లో గరిటె తిప్పి, ఊరి పిల్లలందరి చేతా ఉడికించిన క్యాబేజీ తినిపించిన గొంతు ఆమెది. రిటైరయ్యాక ఆ గొంతును మొగుడి మీద వాడదామనుకుంటే ఆయన తెలివిగా ముందే పోయాడు. ఇక చేసేది లేక, బీడులో తిరిగే పొట్టి గుర్రాలనూ ఆవులనూ చూసివచ్చే వాలంటీర్లలో చేరి, పసుపు కోటు తొడుక్కుంది.

ఆ పశువులను ఎవరూ కాయరు, ఎవరూ తోలరు. ముళ్లపొదలూ ముదురు గడ్డీ మేసి, బీడు అడవిగా మారకుండా చూడడమే వాటి ఉద్యోగం. వాలంటీరు చేయాల్సింది మందను వెతికి పట్టుకుని, అన్నీ ఉన్నాయా, ఏదైనా కుంటుతోందా, దేనికైనా కన్ను కారుతోందా అని చూడడం. కుంటుతోందో లేదో తెలియాలంటే గుర్రం నడవాలి. దానికి నడవబుద్ధి పుట్టేదాకా మనిషి వానలో నిలబడాలి. ముట్టుకోకూడదు, అదిలించకూడదు, తిండి అసలే పెట్టకూడదు. తిండి మరిగిన గుర్రం మనుషుల మీద పడుతుంది. మనుషుల మీద పడే గుర్రాన్ని బీడులో ఉంచరు.

హిల్డా మోకాళ్లకు అంత ఓపిక లేదు. మంద చూస్తే ఎప్పుడూ బురదగుంటకు అవతలే ఉంటుంది. ఒకనాడు ఆమె గుంటకు ఇవతల కూలబడి, విసుగుతో అల్లం బిస్కెట్ల పొట్లం విప్పింది. ఆ గలగలకు ఓ ముసలి ఆడగుర్రం చెవులు నిక్కించి, గుంట చుట్టూ తిరిగి వచ్చేసింది. దాని వెనక మందంతా వచ్చింది. అన్నీ ఆమె ముందు నుంచే నడిచాయి, ఒక్కటీ కుంటలేదు. ఇంకేం కావాలి? ఆనాటి నుంచి హిల్డా బురద తొక్కలేదు. పొట్లం గలగలలాడించేది, మందను తెచ్చిన ముసలిదానికి ఓ బిస్కెట్ ఇచ్చేది. దానికి మార్జరీ అని తన ఆడపడుచు పేరు పెట్టుకుంది. వెనకవైపు ఆ వెడల్పూ, ఎదుటివాళ్ల పళ్లెంలోకి చూసే ఆ చూపూ అచ్చం ఆవిడవే. కాకపోతే ఈ మార్జరీ అంటే హిల్డాకు ప్రాణం.

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారు. ఆ సామెతలో రెండో సగం హిల్డా ముందు అనకపోవడమే ఆరోగ్యానికి మంచిది.

వేసవి వచ్చింది, జనం వనభోజనాలకు వచ్చారు. చిప్స్ పొట్లం విప్పిన ఓ పాస్టరు గారిని మార్జరీ ముళ్లపొదలోకి నెట్టి, పొట్లం లాక్కుని కాగితంతో సహా నమిలింది. ఆ పొదలోంచి పాస్టరు గారు పలికిన మాటలు ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేవు. దానికి ఊరంతా నవ్వుకుంది. కానీ ఆ తర్వాత ఓ పసిపిల్లను పడుకోబెట్టిన తోపుడు బండిని అది మూతితో తోసి తిరగేసింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గానీ, ఈసారి ఎవరూ నవ్వలేదు.

బీడు చూసుకునే ఇమోజెన్ వాలంటీర్లందరినీ గేటు దగ్గరికి పిలిచింది. గుర్రాల యజమాని, రైతు లెన్ స్టిక్లండ్ కూడా వచ్చాడు.

"ఆ ముసలి గుర్రాన్ని తీసుకెళ్లక తప్పదు లెన్," అంది ఇమోజెన్.

"తీసుకెళ్లి ఎక్కడ పెట్టమంటావు అమ్మాయ్? నా పచ్చికలో వదిలితే ఆ బలమైన మేతకు డెక్కలు వాచి కూలబడుతుంది. దాని ఒంటికి ఈ ఎండు గడ్డే పడుద్ది. ఈ వయసులో కొనేవాడూ లేడు. కసాయి బండి ఎక్కించడమే."

"నాకూ బాధగానే ఉంది. కానీ వచ్చేపోయే జనం నేర్పిన అలవాటు ఇది. ఎవరినని ఆపుతాం? బోర్డులు పెట్టాం. హిల్డా అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు."

అందరూ హిల్డా వైపు చూశారు. ఆమె దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది.

"ఏం హిల్డా, నోరు పడిపోయిందా?" అన్నాడు లెన్.

నోరు మూసుకుంటే పసుపు కోటు మిగులుతుంది, పరువు మిగులుతుంది, మార్జరీ ఒక్కటే పోతుంది. నోరు విప్పితే ఈ బీడు తప్ప వేరే దిక్కులేని బతుకు కాస్తా మళ్లీ ఇంట్లో గోడల మధ్యకు పోతుంది. హిల్డాకు నిజంగా భయం వేసింది. జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీసి గలగలలాడించింది.

"జనం కాదు. నేనే నేర్పాను. బురదలో నడవలేక."

"మీరా?" ఇమోజెన్ నోరు తెరిచింది. "మొన్నే కదా, ఆపిల్ ముక్క పెట్టిందని ఓ కడుపుతో ఉన్నావిడను ఏడిపించారు?"

"ఏడిపించాను. తప్పు ఆవిడది, అందుకే తిట్టాను. నాది అంతకన్నా పెద్ద తప్పు, మీరు తిట్టండి. కానీ ఒక్క మనిషి నేర్పింది మాన్పించొచ్చు కదా. నన్ను తీసెయ్యండి, దాన్ని ఉంచండి."

లెన్ పగలబడి నవ్వాడు. ఇమోజెన్ నవ్వలేదు. కోటు విప్పించి తీసుకుంది.

"దాన్ని జనం రాని కంచెలో పెడతాను. చలికాలం వచ్చేలోపు ఆ పొట్లం చప్పుడుకు రావడం మానేస్తే ఉంటుంది, లేకపోతే లేదు. నేర్పింది మీరు, మాన్పించేదీ మీరే. రోజూ వచ్చి పొట్లం ఆడించండి. ముక్క కూడా పెట్టకండి."

మర్నాటి నుంచి హిల్డా కంచె బయట నిలబడి పొట్లం ఆడించింది. మార్జరీ పరుగున వచ్చి, ఆమె జేబులు తడిమి, చేతులు నాకి, ఏమీ దొరక్క అలాగే నిలబడి చూసేది. "పో. నా దగ్గరేం లేదు, పోవే," అని తిట్టి, మొహం తిప్పుకుని ఏడ్చేది హిల్డా. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె ఇంతగా ఏడవలేదు. ఆకులు రాలే కాలానికి మార్జరీ సగం దూరం వచ్చి ఆగడం మొదలుపెట్టింది.

తొలి మంచు పడిన ఉదయం ఇమోజెన్, లెన్ కూడా చూడడానికి వచ్చారు. హిల్డా పొట్లం ఆడించింది. మార్జరీ తలెత్తలేదు. ఇంకా గట్టిగా ఆడించింది. మార్జరీ ఓ చెవి విదిలించి, వెనకవైపు ఇటు తిప్పి మేస్తూనే ఉంది.

"ఉంటుంది," అంది ఇమోజెన్.

"గెలిచావు ముసలీ," అన్నాడు లెన్ హిల్డాతో.

"బతికిపోయింది దొంగముండ," అంది హిల్డా. ఇక పిలిచినా రాని దాన్ని చూస్తూ, కంచె పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.