మా ఆయన గాలానికి ఎనిమిది పాయల దారం

మొన్న ఆదివారం పొద్దుగాల చెరువు గట్టు మీద నన్ను చూసినోళ్లు మీల ఎవరన్నా ఉంటె, నవ్వుకోండ్రి గని జర నా మాట గూడ వినుండ్రి. చీర కొంగు చేతికి చుట్టుకొని, చెప్పులు ఎక్కడ పోయినయో తెల్వక, ఎన్కకు ఎన్కకు నడుస్త, "పట్టుకో! ఇడువు! పట్టుకో!" అని మొగుని మీద ఒర్లిన ముసలామె నేనే. ఆ లొల్లి అంతటికి కారణం ఒక దారం. ఆ దారం కొన్నది నేనే, చుట్టింది గూడ నేనే. ఇగ ఎవరి మీద ఏస్త చెప్పుండ్రి?

మాది ఉప్పుగూడ. మా ఆయన ఎంకటయ్య రైలు పట్టాల మీద పని చేసి రిటైరయ్యిండు. బీడీ లేదు, సీసా లేదు. ఉన్నది ఒక్కటే పిచ్చి, చేపలు పట్టుడు. ఆదివారం వస్తె సలీం భాయ్ ఆటోల ఎక్కి ఊరవతలి చెరువుకు పోవాలె. సలీం భాయ్ అంటె ఆయనతోని పట్టాల మీద పని చేసినాయన. ఇప్పుడు యాకుత్‌పురాల ఉంటడు, ఆటో నడుపుతడు. ఇద్దరు గల్సి పొద్దంత నీళ్లల్ల చూసుకుంట కూసుంటరు. వచ్చేటప్పుడు చేప ఉంటె ఉంటది, లేకుంటె లేదు. మొఖం మాత్రం కడిగిన గిన్నె లెక్క మెరుస్తుంటది.

ఆరు నెలల కింద ఆయనకు కుడి దిక్కు పక్షవాతం తాకింది. దేవుని దయ, మాట పోలే, నడక పోలే. కుడి చెయ్యి ఒక్కటే తడిసిన సంచి లెక్క ఏలాడుతుండె. డాక్టరమ్మ ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చి, "రోజూ పిసకాలె తాతా, లేకుంటె చెయ్యి మరిచిపోతది" అన్నది. ఆయన దాన్ని తెచ్చి కిటికిల పెట్టిండు. నేను గుర్తు చేస్తె, "నేనేమన్న పసిపోరగాన్నా బంతులాట ఆడనీకి?" అని గోడ దిక్కు తిరిగి పండుకునుడు.

చేపలకు మాత్రం పోవుడు బంద్ చేయలే. ఆయన దగ్గర స్పిన్నింగ్ రాడ్ ఉన్నది. ఇసిరితె రీలు మీది దారం అంతట అదే ఇప్పుకుంట పోతది, హ్యాండిల్ తిప్పితె మళ్ల చుట్టుకుంట వస్తది. ఇప్పుడు ఇసురుడు ఎడమ చేత్తోనే. అండ్ల ఉన్నది పాత నైలాన్ దారం, మోటుది, చుట్టలు చుట్టలు తిరిగి ఉండె. ఎంత ఇసిరినా కాళ్ల ముందట్నే పడుతుండెనట. ఒక ఆదివారం ఇంటికొచ్చి రాడ్‌ను తలుపెన్క నిలవెట్టిండు. "నర్సమ్మా, దీన్ని సలీంకు ఇచ్చేస్త. ఇగ నాతోని కాదు, పోనీ" అన్నడు. కోపంతోని అన్నా బాగుండు. నవ్వుకుంట అన్నడు. నాకు ఆ నవ్వు చూసి భయమైంది. ఆ రాడ్ పోతె మంచం, గోడ, మంచం. అంతే గదా ఇగ.

బయటికొచ్చి, ఆటో కాడ ఉన్న సలీం భాయ్‌ను మెల్లగ అడిగిన. "భాభీ, రాడ్ మంచిగనే ఉంది. దారం ఖరాబైంది. ఇప్పుడు బ్రెయిడ్ అని వస్తుంది, జడ లెక్క అల్లిన దారం. సన్నగ ఉంటది, తెగదు. ఎడమ చేత్తోని ఇసిరినా మస్తు దూరం పోతది. నేను తెస్త తియ్యి."

"నువ్వు ఫికర్ చెయ్యకు, నేనే తెస్త" అన్న.

"మీకు సమజైతదా భాభీ?"

"ముప్పై ఏండ్లు పూలు గుచ్చి అమ్మిన భాయ్. దారం సంగతి నాకు చెప్తవా?"

ఇంకో ధైర్యం గూడ ఉండె. నాకిప్పుడు చదువొచ్చు. మా గల్లీల ఆడోళ్లకు బడి పెడితె, మనుమలను ఎత్తుకునే వయసుల పలక ఎత్తుకున్న. తెలుగు వచ్చింది, తర్వాత ఇంగ్లీషు పెద్దక్షరాలు వచ్చినయ్. అప్పటి సంది అక్షరం కనిపిస్తె ఇడువ. బస్సు బోర్డు, సబ్బు కాయితం, మందు డబ్బ, అన్ని పైకే చదువుత. లోకమంత ఇన్ని రోజులు నాతోని మాట్లాడుతనే ఉన్నదా, నాకే ఇనవడలేదా అనిపిస్తది.

శుక్రవారం మలక్‌పేటల గాలాల దుకాణానికి పోయిన. సేటు పెద్దాయన. కండ్లద్దాల మీదికెళ్లి చూసి, "ఎవరికి మాజీ?" అన్నడు, అమ్మా అన్నట్టు.

"మా ఆయనకు. ఆయనకు తెల్వద్దు. జడ లెక్క అల్లిన దారమియ్యి."

"ఏం చేప?"

"కొర్రమట్ట."

"అయితె గడ్డిలకెళ్లి గుంజాలె, బ్రెయిడే మంచిది. రాడ్ ఎంత బలముంటది?"

"గింత పొడుగుంటది" అని చేతులు చాపిన.

"నేను బలం అడిగిన మాజీ" అని నవ్వి, నాలుగు రకాలు ముందట పెట్టిండు. నేను చూసుడుతోనే అన్నింటికన్న మోటుదాని మీద చెయ్యి ఏసిన. మోటుదే గట్టిది గదా! సేటు దాన్ని ఎన్కకు తీసుకున్నడు. "ఇది సముద్రం చేపలకు. గాలికి ఆగుతది, దూరం పోదు. నీకు ఇది" అని ఒక ఎంటిక అసుంటి దాన్ని చేతిల పెట్టిండు. "ఇరవై పౌండ్లు మోస్తది."

"ఇదా? దీంతోని నేను మల్లెపూలు గూడ గుచ్చ."

"తెంపు మరి."

రెండు చేతులకు చుట్టుకొని ఒక్క గుంజు గుంజిన. "అరె అరె మాజీ, ఏలు తెగుతది!" అని సేటు స్టూల్ మీదికెళ్లి లేచిండు. దారం తెగలే. నా ఏలు మీద ఎర్రటి గీత పడ్డది. ఆ దారాన్ని ఎల్తురుకు పట్టి చూసిన. ఎవరు అల్లిన్రో గని వాళ్ల చేతులు సల్లగుండాలె! కంటికి ఆనదు, ఏనుగు గుంజినా తెగేటట్టు లేదు.

"నాలుగు పాయలదా, ఎనిమిది పాయలదా?" అన్నడు సేటు. నేను కండ్లు మూసుకొని గోరు మీదికెళ్లి గుంజిన. నాలుగు పాయలది సర్రుమన్నది. ఎనిమిది పాయలది నూనె పెట్టి దువ్విన జడ లెక్క సప్పుడు లేకుండ పోయింది. "నాలుగుది జర గరుకు, గడ్డిని కోస్తది. ఎనిమిదిది జారుతది, దూరం పోతది" అన్నడు.

"జారేదే ఇయ్యి సేటు" అన్న. ఎంత మంచి మాట అన్ననో సూడుండ్రి!

రంగు పసుపుది తీసుకున్న. శుభమని. సేటు గూడ మెచ్చుకున్నడు, ముసలి కండ్లకు నీళ్ల మీద అదే కనిపిస్తదని. ఇగ ప్యాకెట్ చేతికి రాంగనే నాకు లోకం తెల్వలే. ఇంగ్లీషు పెద్దక్షరాలు, నేను నేర్చుకున్నయే! "బీ... ఆర్... ఏ..." అని చదువుడు షురూ చేసిన. అవతల సేటు ఏందో చెప్తున్నడు. రీలు అంటున్నడు, కింద అంటున్నడు, పాత నైలాన్ అంటున్నడు. "ఐ... డీ..."

"సమజైందా మాజీ?"

"అయ్యింది అయ్యింది!" అన్న. బ్రెయిడ్ అని మొత్తం చదివిన సంతోషంల ఉన్న నేను.

శనివారం మా ఆయన గడ్డం గీయించుకునేతందుకు పోంగనే పనిల పడ్డ. రీలు మీది పాత నైలాన్ అంత పీకి చెత్తల ఏసిన. కింద దారం చుట్టే ఇనుప గిర్ర బయటపడ్డది. ఏండ్ల జిడ్డు, నల్లగ! గసుంటి దాని మీద కొత్త దారం చుడుతరా ఎవరన్న? చింతపండు పెట్టి, ఇత్తడి చెంబును తోమినట్టు తోమిన. నా ముక్కుపుల్ల అండ్ల కనిపించేదాంక తోమిన. తుప్పు పట్టద్దని రెండు సుక్కల కొబ్బరినూనె పూసిన. కొత్త దారమైతె పసుపునీళ్లల్ల తీయకుండ మా ఇంట్ల ముట్టరు. దీన్ని గూడ తీసిన. మూర మూరకు తడిబట్టతోని ఒత్తి పట్టి, హ్యాండిల్ తిప్పి, దండ గుచ్చినంత వరుసగ చుట్టిన. ఎంత ముద్దుగున్నదో!

మా ఆయన వచ్చి చూసిండు. ఎడమ చేతి ఏలుతోని దారాన్ని నిమిరిండు. "ఈ పసుపేంది?"

"కొత్త దారం గదయ్యా."

"చేప ఏమన్న పెండ్లికొస్తదా?"

ఆరు నెలల తర్వాత మా ఆయన నా మీద జోకేసిండు! నేను వంటింట్లకు పోయి కండ్లు తుడుసుకొని వచ్చిన. "రేపు నువ్వు గూడ రా" అన్నడు. నలభై రెండేండ్ల కాపురంల చేపలకు నన్ను పిలుసుడు అదే మొదటిసారి.

ఆదివారం చెరువు కాడ సలీం భాయ్ దారం కొసకు రబ్బరు కప్ప కట్టిండు. కొర్రమట్టలు దాన్ని నిజం కప్ప అనుకుంటయట. మా ఆయన ఎడమ చేత్తోని ఇసిరిండు. దారం పోయింది... పోయింది... ఇంక పోతనే ఉన్నది! గడ్డి దాటి అవతల పడ్డది కప్ప. "క్యా బాత్ హై ఎంకటన్నా!" అన్నడు సలీం భాయ్. మా ఆయన తన ఎడమ చెయ్యిని తిప్పి తిప్పి చూసుకున్నడు, అది తనదేనా కాదా అన్నట్టు. నేను ఉన్నకాడనే సేటుకు దండం పెట్టిన.

నాలుగోసారి ఇసిరినంక, గుభేల్మన్నయ్ నీళ్లు. రాడ్ విల్లు లెక్క వంగింది. మా ఆయన రాడ్‌ను సంకల ఇరికించుకొని ఎడమ చేత్తోని హ్యాండిల్ తిప్పుతున్నడు, తిప్పుతున్నడు. దారం ఒక్క జానెడు రాలే! దారం ఉండ మొత్తం గిర్ర మీద, సన్న చేతికి పెద్ద గాజు తిరిగినట్టు గిర్రున తిరుగుతున్నది. అవతల చేప గుంజుకొని పోతున్నది.

సలీం భాయ్ ఉరికొచ్చి రీలు ముందటి మర బిగించిండు. ఏం ఫాయిదా లేదు. ఏలు పెట్టి చూసి, ఆ ఏలును వాసన చూసిండు.

"భాభీ, దీని కింద ఏం చుట్టిన్రు?"

"కింద ఏం చుడుతరు? కింద గిర్ర ఉన్నది."

"పాత నైలాన్?"

"పారేసిన."

"ఈ నూనె?"

"తుప్పు పట్టద్దని. తోమిన గూడ, చింతపండు పెట్టి."

"యా అల్లా!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు. "బ్రెయిడ్ ఉత్త ఇనుము మీద జారుతది భాభీ! కింద నాలుగు చుట్లు నైలాన్ ఉండాలె, అప్పుడే పట్టు!" అని, చేపను అందుకునేతందుకు వల పట్టుకొని నీళ్లల్లకు దిగిండు. సేటు చెప్పింది గదే! నేను అక్షరాలు కూడబలుక్కునేటప్పుడు ఆయన నెత్తి నోరు కొట్టుకున్నది గదే!

"పోయింది తియ్యి నర్సమ్మా. పోనీ" అన్నడు మా ఆయన. రాడ్‌ను తలుపెన్క పెట్టినప్పటి గొంతే.

నాకు ఏమైందో తెల్వదు. కొంగు చేతికి చుట్టుకొని ఆ దారాన్ని పట్టుకున్న. పట్టుకొని ఎన్కకు నడిసిన. నాలుగు అడుగులు వచ్చింది. మళ్ల ముందటికి పోయి పట్టుకుందామంటె, ఇడిసిన వెంటనే చేప గుంజుకుంటది.

"ఏమయ్యా, పట్టుకో దాన్ని!"

"దేంతోని? ఈ చెయ్యితోని రాడ్ పట్టుకున్న గదా!"

"ఆ చెయ్యితోని!"

నా దిక్కు గుడ్లురిమి చూసిండు. కుడి చెయ్యి మోకాలు కాడికెళ్లి లేచింది. ఆగింది. మళ్ల లేచింది. నాలుగు వేళ్లు దారాన్ని రాడ్‌కు ఒత్తి పట్టినయ్. పట్టు నిలిచింది! నేను ఉరికి ముందటికి పోయి అందుకున్న. "ఇడువు!" గుంజిన. "పట్టుకో!" ఉరికిన. గట్ల ఎన్నిసార్లో లెక్క లేదు. పక్కకున్న ఒకాయన, "అవ్వా, బాయిల నీళ్లు తోడుతున్నవా?" అన్నడు. నాకు బదులు చెప్పే తీరిక లేదు. ఆఖరి గుంజుకు ఎన్క రాయి తాకి బురదల కూలవడ్డ. కూలవడుడే మంచిదైంది. ఆ ఊపుకు చేప పోయి సలీం భాయ్ వలల పడ్డది.

మోచేయంత కొర్రమట్ట. అందరు చేపను చూస్తున్నరు. నేను బురదలకెళ్లి మా ఆయన చెయ్యిని చూస్తున్న. దారాన్ని ఇంక ఇడువలే ఆ చెయ్యి. "అన్నా, చేప వచ్చింది, ఇగ ఇడువు" అని సలీం భాయ్ ఒక్కొక్క ఏలు మెల్లగ ఇప్పిండు.

ఆ పొద్దు రెండిండ్లల్ల పులుసు ఉడికింది. సోమవారం సలీం భాయ్ వచ్చి, దారమంత ఇప్పి, కింద నైలాన్ చుట్టి మంచిగ చేసి పోయిండు. పోయేటప్పుడు ఆ ప్యాకెట్ తిప్పి చూపిచ్చిండు. ఎన్కకు బొమ్మ ఉండె, ముందు కింద ఏం చుట్టాల్నో! చదువు రాని రోజులల్ల అయితె నేను ముందు బొమ్మనే చూసేదాన్ని.

మంగళవారం డాక్టరమ్మ కాడికి పోయినం. ఆమె తన రెండు వేళ్లు మా ఆయన కుడి చేతిల పెట్టి, "గట్టిగ పట్టు తాతా" అన్నది. పట్టిండు. "అబ్బా! ఇడువు ఇడువు!" అని చెయ్యి గుంజుకున్నది. "బంతి మస్తుగ పిసికినట్టున్నవే?"

మా ఆయన తల అడ్డంగ ఊపిండు. బంతి కిటికిలనే ఉన్నది మరి.

"మరెట్ల వచ్చింది తాతా గింత పట్టు? ఎవరు చేయించిన్రు?"

ఆయన కుడి చెయ్యి లేచింది. వణుక్కుంట లేచి, సూపుడు ఏలు చాపి నా దిక్కు చూపిచ్చింది. "ఈమె చేసిన పనే మేడం."

కూరల ఉప్పెక్కువైనా, తాళంచెవి పోయినా, ఆఖరికి బండి లేటొచ్చినా నలభై రెండేండ్లు నా మీదికే లేచిన ఏలు అది. ఆరు నెలల సంది లేవలే. నేను రెండు చేతులెత్తి దండం పెట్టి, "అవును మేడం, తప్పు నాదే" అని ఒప్పుకున్న. గింత సంతోషంగ ఎన్నడు ఒప్పుకోలే.