ఎదురుగా నిలబడే మనిషి

జూడో ఒంటరిగా ఆడే ఆట కాదు. ఎదుటి మనిషి కోటు కాలరు ఒక చేత్తో, మోచేతి దగ్గర గుడ్డ ఇంకో చేత్తో పట్టుకుంటే గానీ మొదలవదు. పూండి దగ్గర మా ఊళ్లో ఆ కోటు ఉన్నది నా ఒక్కదానికే. టెక్కలి స్కూల్లో నాతో పాటు నేర్చుకున్న వాళ్లంతా కబడ్డీకో, కాలేజీకో, కాపురాలకో వెళ్లిపోయారు. నేను జీడిమామిడి చెట్టుకు పాత సైకిలు ట్యూబు కట్టి, దాన్నే లాగుతూ ఉండేదాన్ని. చెట్టు ఎప్పుడూ పడదు. ఎంత లాగినా దానికి నా మీద కోపం కూడా రాదు.

నాకున్న తోడల్లా ఫోన్‌లో ఒక కొరియా అమ్మాయి. ఆమెదీ నా బరువు విభాగమే. ఆమె జూనియర్లలో మొదటి పతకం గెలిచినప్పటి నుంచి నేను ఆమె ఆట ఒక్కటీ వదల్లేదు. ప్రపంచ ఛాంపియన్ అయిన రోజు ఊళ్లో ఎవరికి చెప్పాలో తెలియక మా మేకకు చెప్పాను. మోకాలికి ఆపరేషనై ఏడాది కనబడకపోతే, సొంత చెల్లెలు మంచాన పడ్డట్టు బెంగ పెట్టుకున్నాను. తిరిగొచ్చి, ఆ కాలు కాచుకుంటూనే మళ్లీ స్వర్ణం గెలిచింది. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు, అంత సంతోషం.

"దానికి మన మాట రాదు, నీకు దాని మాట రాదు. రోజల్లా ఏటి సెప్పుకుంటన్నారే?" అని అమ్మ నవ్వేది.

కిందటి వేసవిలో విశాఖలో రాష్ట్ర సెలక్షన్లు అన్నారు. పతకం మాట దేవుడెరుగు, ఒక మనిషిని పట్టుకోవచ్చు కదా అని నా ఆశ. అది పిక్కల కాలం. బయలుదేరే ముందు అమ్మతో తోటలో జీడి పిక్కలు ఏరి, కూరకని కొన్ని పచ్చివి చీరాను. తొక్కలోంచి కారే జీడి రసం అంటి అరచేతులు పొక్కాయి. మా ఉద్దానంలో ఆ రోజుల్లో పొక్కని చెయ్యి ఎవరికుంది? నేను దాని గురించి ఆలోచించనే లేదు.

ఆటకు ముందు చేతులు, గోళ్లు చూస్తారు. అంటుకునే చర్మవ్యాధి ఉంటే మ్యాట్ ఎక్కనివ్వరు. నా చేతులు చూసిన పెద్దమనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రోగం కాదు సార్. జీడి."

జీడిపప్పయితే తనకు తెలుసుగానీ ఇదేమిటో తెలియదన్నాడాయన. డాక్టరుతో రాయించుకు రమ్మన్నాడు. నేను రాయించుకుని వచ్చేసరికి మా విభాగం ఆటలు అయిపోయాయి. నాతో తలపడాల్సిన అమ్మాయి ఆడకుండానే గెలిచి, నాకేసి జాలిగా చూసింది. నన్నెత్తి కుదేసినా అంత ఒళ్లు మండేది కాదు.

తిరుగు రైల్లో ఫోన్ తీస్తే కొరియా అమ్మాయి చివరి ఆట వస్తోంది. ఇక ఆడనని ముందే చెప్పిందట. ఓడిపోయింది. గెలిచిన అమ్మాయి ఆమెను లేపి, కౌగిలించుకుని, ఆమె చెయ్యి పైకెత్తి హాలంతటికీ చూపించింది. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఆటల బ్యాగు చూసి, పోటీలో ఓడిపోయావా అని మెల్లగా అడిగింది.

"నేదు పిన్నీ," అన్నాను. "ఓడిపోడానికి నాకెవరూ దొరకనేదు."