మా హాల్లో మిషన్ జాగా

మా హాలు ఎన్ని అడుగులుంటుందో నేనెప్పుడూ కొలవలేదు కానీ, అందులో ఏమేం ఇరికించుకున్నామో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను. తెలంగాణ వచ్చిన కొత్తలో మేం నార్కట్‌పల్లిలో, హైవేకి లోపలి సందులో ఉండేవాళ్లం. ఒక హాలు, ఒక గది, ఒక వంటిల్లు. హాల్లోనే బియ్యం బస్తాలు, ఎండాకాలం తప్ప మిగతా రోజుల్లో మాసిన బట్టలు మింగి కూర్చునే కూలరు, పిల్లల పుస్తకాల సంచులు, ఒకే మేకుకు ఏళ్లకేళ్ల క్యాలెండర్లు. వీటన్నింటి మధ్య, కిటికీ పక్కన, నా కుట్టుమిషన్.

పెళ్లయి వచ్చాక ఊరికే కూర్చోలేక, పని మానేసిన ఒక టైలరమ్మ దగ్గర ఆ పాత మిషన్ కొనుక్కున్నాను. జాకెట్లు కుట్టేదాన్ని. మధ్యాహ్నం మగవాళ్లు పనులకు పోగానే ఆడవాళ్లు వచ్చేవాళ్లు. తలుపు దగ్గరకు వేసి కొలతలు తీసుకునేదాన్ని. కుట్టింది అక్కడే తొడుక్కుని, "చంక కింద పడ్తున్నదక్కా" అంటే అక్కడే విప్పి సరిచేసేదాన్ని. ఆ వచ్చే నాలుగు పైసలతో పిల్లలకు ఏదైనా కొనాలన్నా, మా అమ్మను చూడటానికి బస్సెక్కాలన్నా ఒకరి ముందు చెయ్యి చాపేపని లేకుండా ఉండేది. ఈ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

అంతలో మా మరిదికి సంబంధం కుదిరేలా ఉంది. అతను జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తూ అక్కడే చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ఆడపిల్లవాళ్లది దేవరకొండ. పిల్లవాడి ఇల్లు చూసుకుని గానీ మాట ఇవ్వరు కదా, వచ్చే ఆదివారం ఇల్లు చూడటానికి వస్తామని కబురు పెట్టారు. మా ఆయన హాలు నడుమ నిలబడి చుట్టూ చూశాడు.

"జర హాలు సాఫ్ జెయ్యాలె. పైసలు మాత్రం పెట్టేది లేదు," అన్నాడు.

చెయ్యాలె అంటే ఎవరు చెయ్యాలో వేరే చెప్పాలా? చీర కొంగు బొడ్లో దోపి నేనే దిగాను.

అబ్బబ్బ, ఆ వారం నేను పడ్డ పాట్లు! ఏది ముట్టుకున్నా ఎవరో ఒకరు అడ్డం. ఖాళీ టీవీ డబ్బా తీస్తే మా ఆయన, "అది వారంటీది, ఉండనీ" అన్నాడు. చినిగిన చాపలు తీస్తే మా అత్తమ్మ, "పారేస్తవా ఏంది? వడియాలు వోసుకోనీకి పనికొస్తయ్" అంది. క్యాలెండర్లు దించబోతే, "దేవుండ్లున్నరే, చెత్తల ఎట్లేస్తవ్?" అంది. ఏదీ పారేయనివ్వలేదు. చివరికి హాల్లో ఉన్నదంతా లోపలి గదిలోకి తోశాం. గది తలుపు సగమే తెరుచుకునేది. ఒళ్లు పక్కకు తిప్పి దూరితే తప్ప లోపలికి పోలేం.

గోడలకు పక్కింటివాళ్లకు మిగిలిన లేతపచ్చ డిస్టెంపర్ అడిగి తెచ్చాను. సరిపోదనిపిస్తే కనిపించే గోడలకే వేసి, తలుపు వెనక గోడ వదిలేశాను. నా రెండు పట్టుచీరలు అంచులు బాగుండి నడుమ చినిగిపోయాయి. వాటిని కోసి కిటికీలకు పరదాలు కుట్టాను. మిగిలిన ముక్కలతో దిండ్లకు గలీబులు కుట్టాను. పాత ప్లాస్టిక్ కుర్చీలను సబ్బునీళ్లతో రుద్దీ రుద్దీ కొత్తవి చేశాను. శనివారం సాయంత్రానికి మా హాలును చూసి నాకే ముచ్చటేసింది. మా ఆయన కూడా, "అరె, మంచిగైంది" అన్నాడు. అని, మిషన్ వైపు చూశాడు.

"ఇగ ఇదొక్కటే ఉన్నది. బయట మెట్ల కింద పెడ్దాం."

"ఎందుకు? అదేమడ్డం?"

"వాళ్లొచ్చి చూస్తే ఏమనుకుంటరు? పెద్దకోడలితోని బట్టలు కుట్టిచ్చుకొని బతుకుతున్నరనుకోరా?"

నాకు ఒళ్లు మండింది. ఖాళీ అట్టడబ్బాకు దిక్కున్న ఇంట్లో నా మిషన్‌కు దిక్కు లేకపోయింది.

"గిప్పుడు లొల్లెందుకు బిడ్డా, రెండు దినాలే గద. వాళ్లు వోంగనే లోపల పెడ్తరు," అంది అత్తమ్మ. మరిది అప్పటికే జడ్చర్ల నుంచి వచ్చి ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ చెరో పక్క పట్టి ఎత్తుకుపోయారు.

ఆదివారం వచ్చారు. పిల్ల తల్లి హాలంతా కలియజూసి, కిటికీ పక్కన ఖాళీ దగ్గర ఆగింది. గోడ పొడవునా జేనలతో కొలిచింది.

"హాలు మస్తుగున్నది వదినె. మా బిడ్డకు పెట్టే సోఫ గీడ సక్కగ పడ్తది," అంది మా అత్తమ్మతో. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "ఎందుకు పడది వదినె? దానికోసమే ఖాళీ వెట్టినం," అంది. దానికోసమేనట! చాయ్ పళ్లెం నా చేతిలోనే ఉంది. నోరు తెరిస్తే సంబంధం చెడగొట్టిందంటారని పళ్లు బిగపట్టుకున్నాను.

రెండు రోజులన్నది పెళ్లి దాకా అయింది. పెళ్లయ్యాక సోఫా వచ్చింది, బీరువా వచ్చింది, అద్దాల బల్ల వచ్చింది. జడ్చర్ల గదిలో ఇవేవీ పట్టవని, సొంత ఇల్లు కట్టుకున్నాక తీసుకుపోతామని మరిదీ తోటికోడలూ రెండు సూట్‌కేసులతో వెళ్లిపోయారు. సామానంతా మా హాల్లో దిగబడింది. సోఫాకు వేసిన ప్లాస్టిక్ కవరు కూడా తీయనివ్వలేదు అత్తమ్మ. "వాళ్ల సామాను, ఖరాబైతే మాటొస్తది" అని పిల్లల్ని ఎక్కనిచ్చేది కాదు. సోఫా ముందు నేల మీద చాప వేసుకుని మేం టీవీ చూసేవాళ్లం.

నేను మెట్ల కిందే కుట్టడం మొదలుపెట్టాను. అక్కడికి ఎవరొస్తారు? ఒక పక్క బండ్లు పెట్టుకునే జాగా, ఇంకో పక్క సందు, ఎదురుగా చాయ్ హోటల్ ముందు ఎప్పుడూ మగవాళ్లు. నా దగ్గర ఏళ్లుగా కుట్టించుకుంటున్న ఒకామె బట్ట చంకలో పెట్టుకుని వచ్చి, అటూ ఇటూ చూసి, "ఈడ కొలతలెట్ల ఇయ్యాలె అక్కా?" అని వెనక్కి పోయింది. మళ్లీ రాలేదు. ఆమె వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానేశారు.

మా ఆయనతో చెప్పాను.

"మిషన్ ఏడున్నా మిషనే గద. ఎందుకంత ఫికర్?" అన్నాడు.

"మిషన్ ఒక్కటే ఉంటే అయితదా? ఆడోళ్లు పైట తీసి కొలత ఇయ్యాలంటే తలుపుండొద్దా?"

"మరి లోపలి అర్రల తీస్కో."

"ఆ అర్రల నేను ఒక్కదాన్ని నిలవడనీకే జాగ లేదు. నీ టీవీ డబ్బ కూడ ఆడనే ఉన్నది."

విన్నాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తితే చాలు, బయట పనుందనేవాడు. వానాకాలంలో మిషన్ చక్రం తుప్పు పట్టింది. తిప్పితే కీచుమని అరిచేది. ఒకరోజు పైన గోనెపట్టా కప్పి లోపలికి వచ్చేశాను.

కొన్నాళ్లకు అత్తమ్మ తరఫు చుట్టం ఒకావిడ వచ్చింది. వచ్చేవాళ్లకు మాత్రం సోఫా మీద కూర్చునే హక్కుంది. ఆమెకు తోడుగా అత్తమ్మ కూడా సోఫా మీదే కూర్చుంది, మా ఆయన ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. చాయ్ తాగుతూ, "నీ పెద్దకోడలు జాకెట్లు కుడ్తుండె గద, ఇప్పుడు కుడ్తలేదా?" అని అడిగింది.

"ఇంకా ఎందుకు కుట్టాలె? ఏం తక్కువైంది? మేమే బంద్ వెట్టిచ్చినం. జర సుకపడనీ అని," అంది అత్తమ్మ గొప్పగా.

ఇక నా వల్ల కాలేదు.

"సుకపడనీకి బంద్ వెట్టలే అత్తమ్మా. నా జాగ గుంజుకున్నరు. ఇప్పుడు నువ్వు గూసున్న జాగనే నాది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అత్తమ్మ కప్పు కింద పెట్టింది. మా ఆయన నా వైపు ఉరిమి చూశాడు. వచ్చినావిడ పాపం ఎటూ తేల్చుకోలేక, ఆ లేతపచ్చ గోడల్నీ, నా పట్టుచీరల పరదాల్నీ చూస్తూ మాట మార్చింది.

"ఏదేమన్నగానీ, హాలైతే మంచిగ సర్దిన్రు. ఎవరు సర్దిన్రో గానీ."

సర్దింది నేనేనని, ఆ సర్దడంలోనే నా జాగా పోయిందని ఆమెకు ఎలా చెప్పను?