బాపు జీపుకి కట్టిన ఇనుప గిరక

మొన్న సాయంత్రం ముసురు పట్టి వీధంతా తడిమట్టి వాసన కమ్ముకున్న వేళ, మా ఆయన అరుగు మీద సైకిల్ తలకిందులు పెట్టుకుని చెయినుకి గ్రీజు పూస్తున్నాడు. లోపల పప్పు ఎనుపుతున్న నేను ఆ వాసన ముక్కుకి తగలగానే పప్పుగుత్తి చేతిలో పట్టుకునే బయటికి వచ్చి నిలబడిపోయాను. వాన వాసన, గ్రీజు వాసన కలిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పడం నాకు రాదు. నేను చదివిందే నాలుగు తరగతులు. నాకు మాత్రం అది సిద్దిపేటలో మా పుట్టింటి పెరటి వాసన, మా బాపు చొక్కా వాసన, మేము గెలిచిన ఒక వానాకాలం వాసన. ఆ రోజు మా ఇంట్లో పప్పు మాడిందని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మా బాపు గింజల వ్యాపారి. చిన్నకోడూరు, నారాయణరావుపేట, వేములఘాట్ అన్నీ తిరిగి ఆముదాలు, పల్లికాయ, పెసలు కొనుక్కొచ్చి మా సిద్దిపేటలో అమ్మేవాడు. పెద్ద యుద్ధం అయిపోయాక సికింద్రాబాదులో మిలిటరీవాళ్ళు పాత సామాను వేలం వేస్తున్నారని ఎవరో చెబితే వెళ్ళి, పచ్చి ఉసిరికాయ రంగులో, చిరుగుల పైకప్పుతో ఉన్న జీపు ఒకటి తెచ్చాడు. అది మా గల్లీలోకి వచ్చిన రోజు గవ్వలాట ఆడుతున్న పిల్లలం గవ్వలు ఎక్కడివక్కడ వదిలేసి వెంట పరుగెత్తాం. ఆడపిల్లని ఇల్లు దాటనివ్వని మా నాయినమ్మ కూడా, పక్కన బాపు ఉన్నాడు కదా అని జీపెక్కితే ఏమీ అనేది కాదు. అందుకే ఆ జీపంటే నాకు ప్రాణం. అది ఉంటేనే నాకు ఊళ్ళు, చేలు, కాల్చిన మక్క కంకులు, తోవ పక్కన పసుపుపచ్చగా విరగబూసిన తంగేడు. అది లేకపోతే ఇల్లు, వాకిలి, అంతే.

కానీ వానాకాలం వచ్చిందంటే మా తోవల్లో నల్లరేగడి మెత్తటి హల్వాలా అయిపోయేది. జీపు చక్రాలు అందులో దిగబడి ఉన్నచోటే గిరగిరా తిరిగేవి, బురద మా మొహాల మీద చిమ్మేది, చివరికి ఎవరో ఒకరి ఎడ్లని బతిమాలి కట్టించి బయటికి లాగించుకోవాల్సి వచ్చేది. బండ్లవాళ్ళకి ఇంతకంటే వినోదం లేదు. వాళ్ళందరిలో మల్లయ్య అని ఒకడు, బాపుతో పోటీగా బండి కట్టి గింజలు కొనేవాడు, ఎదురుపడ్డప్పుడల్లా అడిగేవాడు. "సావుకారీ, గీ జీపు నూనె తాగుతదా, మా ఎడ్ల నెత్తురు తాగుతదా?"

ఆ మాట పడలేకే బాపు ఈసారి వేలంలో ఒక వించి పట్టుకొచ్చాడు. జీపు ముందర బిగించే ఇనుప డ్రమ్ము అది, దానికి చుట్టిన ఇనుప తాడు, తాడు చివర కొక్కెం, పక్కన తిప్పడానికి పిడి. కొక్కేన్ని ఎదురుగా ఏ చెట్టుకో తగిలించి పిడి తిప్పితే డ్రమ్ము తాడుని చుట్టుకుంటూ జీపుని తనే ముందుకి లాక్కుంటుంది. నాయినమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాయి లేదు, బొక్కెన లేదు, గిరక మాత్రం తెచ్చిండు" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు గిరకే.

బిగించింది మా పక్కింటి కరీం చిచ్చా. ఆయన యుద్ధంలో మిలిటరీ లారీ నడిపి వచ్చినవాడు. బాపు తొందరపడి ముందున్న బంపరుకే బిగించేద్దామంటే చిచ్చా నవ్వి, "బంపరుకు కడితే బంపరే ఊడొస్తది భాయ్, జీపు ఆడనే ఉంటది" అని, జీపు పొడవునా ఉండే రెండు లావుపాటి ఇనుప దూలాలకి అడ్డంగా ఒక దళసరి రేకు పరిచి, చేతి బర్మాతో బెజ్జాలు వేయడం మొదలుపెట్టాడు. ముసురులో, గోనెసంచి కప్పుకుని, పెరట్లో పందిరి కింద ఆ ఇనుప రజను రాలుతుంటే అమ్మ ఉప్పూ కారం వేసి ఉడికించిన మక్క గుడాలు పళ్ళెంలో తెచ్చిపెట్టేది, చిచ్చా నూనె చేతులు లుంగీకి తుడుచుకుని తింటూ, ప్రతి బోల్టుకీ ఒక నట్టు మీద ఇంకో నట్టు ఎందుకు బిగించాలో బాపుకి చెప్పేవాడు. జీపు వణుకుడికి ఒకటి వదులైనా రెండోది దాన్ని కదలనివ్వదట. పిడి తిప్పితే పళ్ళ చక్రం మీద నాలుక టకటకా పడేది. వెనక్కి జారకుండా ఆ నాలుకే పట్టుకుంటుంది. ఆ చప్పుడు వినడానికి గల్లీ పిల్లలందరూ మా పెరటి గోడెక్కి కూచునేవాళ్ళు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తాడుని ఎలా చూసుకోవాలన్న దగ్గరే మా ఇల్లు పప్పులో కాలేసింది. మా నాయినమ్మ పుట్టిల్లు నారాయణరావుపేటలో పెద్ద వ్యవసాయం. మోట కొట్టే బావుల దగ్గర పెరిగిన మనిషి. మోట తాడు ఎండితే పుటుక్కున తెగుతుంది, అందుకే తడి ఆరనివ్వకూడదని ఆమె ఎరుగును. "తాడంటే తాడే" అని, ప్రతి సాయంత్రం ఆ ఇనుప తాడంతా విప్పించి నీళ్ళ గోలెంలో నానబెట్టించేది. బాపుకి కూడా అది సబబుగానే తోచింది. చిచ్చా అప్పుడు బంధువుల ఊరికి పోయి ఉన్నాడు, చెప్పేవాళ్ళు లేరు. గోలెంలో నీళ్ళు ఎర్రగా మారితే, తాడు మురికి వదులుతోందని మేమంతా సంతోషపడ్డాం కూడా!

చిన్నకోడూరు తోవలో మొదటిసారి బురదలో దిగబడ్డప్పుడు బాపు దర్జాగా కొక్కెం ఒక వేపచెట్టుకి తగిలించి పిడి తిప్పాడు. టక్, టక్, టక్. నాలుగో టక్కుకి తాడు తుపాకీ పేలినట్టు తెగి, కొరడాలా గాలిలో లేచి బాపు తలపాగాని ఎత్తుకుపోయి తుమ్మకంపలో పడేసింది. దేవుడి దయవల్ల మనిషికి ఏమీ కాలేదు. ఎడ్లు వచ్చాయి, జీపుని లాగాయి, ఆ ఎడ్లు మల్లయ్యవే. సంత పూర్తయ్యేలోపు పేటంతా తలపాగా కథే.

ఆ రోజు నాయినమ్మ వాకిట్లో నిలబడి, బెదిరిన మొహంతో, గట్టిగా అనేసింది. "ఇంకొక్కపాలి గీ జీపును ఎడ్లు గుంజినయంటే, తెల్లారి అమ్ముడే. నీ పానం కంటె ఎక్కువనా కొడుకా ఇది?" మా ఇంట్లో ఆమె మాటకి తిరుగు లేదు. నేను అమ్మ కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

చిచ్చా తిరిగొచ్చి గోలెం సంగతి విని, అది మురికి కాదు తుప్పని నెత్తి కొట్టుకున్నాడు. బాపు కొత్త తాడు తెచ్చాడు. ఇక దాని సేవ చూడాలి! వాడిన ప్రతిసారీ విప్పి, పాత ధోవతి గుడ్డతో బురదంతా తుడిచి, ఎండలో ఆరబెట్టి, నూనెగుడ్డతో నిమిరి, పోగు పక్కన పోగు, దండెం మీద చీరలు మడతపెట్టినంత పొందికగా, బిగుతుగా చుట్టాలి. వదులుగా చుడితే మీది వరస కిందికి దిగి నలుగుతుంది. ఇంకొకటి, లాగేటప్పుడు తాడు మీద తడి గొంగడి ఒకటి వేయాలి, తెగినా లేవకుండా అది అణిచిపెడుతుందని చిచ్చా నేర్పాడు. గుడ్డ పట్టుకోవడం నా పని. నాయినమ్మ మాత్రం అటు చూసేదే కాదు.

బతుకమ్మ పండగ దగ్గరికొచ్చింది. ఇంటినిండా వేయించిన నువ్వులు, పల్లీల కమ్మదనం. వాటిని బెల్లంతో కలిపి సత్తు దంచడానికి మంచి రోకళ్ళు కావాలని నాయినమ్మ వేములఘాట్‌లో కట్టెపని చేసే వడ్లాయనతో చేయించింది. వాటిని తేవడానికి ఆ రోజు బండి దొరకక, ఇదే ఆఖరుసారి అని సణుగుతూ జీపెక్కింది. నేనూ ఎక్కాను. తిరిగొచ్చేటప్పుడు ఎక్కడో పైన వాన పడ్డట్టుంది, వాగులో నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. సగం దాటామో లేదో చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. వెనక ఒడ్డున బండి ఆగింది. ఇంకెవరు, మల్లయ్యే.

"ఎడ్లను ఇడవమంటరా సావుకారీ?" అని కేకేశాడు. బాపు మొహం పాలిపోయింది. ఎడ్లు లాగితే జీపు పోయినట్టే. అవతలి ఒడ్డు కేసి చూస్తే తాడు అందేంత దూరంలో చెట్టూ లేదు, చేమా లేదు, ఒట్టి ఇసుక. జీపులోని గూటం తీసి దిగ్గొట్టి కొక్కెం తగిలిస్తే, గుంజగానే ఊడొచ్చింది. మల్లయ్య పడీ పడీ నవ్వి, "అవ్వా, మీ కొడుకుకు జీపెందుకు, ఒక మేకను కొనియ్యున్రి, తోలుకపోతడు" అన్నాడు.

ఆ మాటతో నాయినమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగింది. కొడుకుని ఆమె ఎన్నైనా అంటుంది, ఇంకొకడు అంటే ఊరుకోదు. "ఇసుకల గూటం నిలుస్తదారా? లేగకు పలుపు కట్టేటప్పుడు చూడలే? కట్టెను అడ్డంగ బొందపెట్టాలె" అని, జీపులోంచి కొత్త రోకళ్ళు రెండూ లాగి బాపు చేతిలో పెట్టింది. సండ్రకట్టె రోకళ్ళు, పొన్నులు ఇంకా మెరుస్తున్నాయి. బాపు అవతలి ఒడ్డున పారతో లోతుగా గోయి తవ్వాడు, రోకళ్ళు జంటగా కట్టి, నడుముకి తాడు చుట్టి కొక్కెం తగిలించి, అడ్డంగా పడుకోబెట్టి, మీద మట్టి పోసి తొక్కాడు. నేను గొంగడి తడిపి తాడు మీద వేశాను. బాపు జీపెక్కి ఇంజను అందుకున్నాడు. మరి పిడి తిప్పేది ఎవరు? నాయినమ్మే పక్కకి నిలబడి, ఇసుర్రాయి తిప్పే చేతులతో, ఇసుర్రాయి తిప్పినట్టే నింపాదిగా తిప్పింది.

టక్. తాడు బిగిసింది. టక్. రోకళ్ళ మీది మట్టి కొంచెం ఉబ్బింది. కానీ అవి కదలలేదు. టక్, టక్, టక్... జీపు పెద్దగా మూలిగి, ముక్కు పైకెత్తి, ఈనిన గేదె లేచినట్టు మెల్లగా ఇసుకలోంచి లేచింది. నీళ్ళు కారుతూ ఒడ్డెక్కింది! బాపు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. నేనైతే గొంగడి నెత్తిన వేసుకుని ఇసుకలో గంతులు వేశాను.

మల్లయ్య గబగబా బండి తోలాడు, మా చక్రాలు తవ్విన గుంటలోనే సరిగ్గా దిగబడ్డాడు. నీళ్ళు ఇరుసు దాకా వచ్చాయి. ఎడ్లు బెదిరి మోకాళ్ళ మీద కూలాయి. ఇక నవ్వు లేదు. "అవ్వా, నీ కాల్మొక్త, గా గిరక జర ఇటు ఏయమను" అని మొత్తుకున్నాడు.

నాయినమ్మ ఊపిరి తీసుకుంటూ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "మేకను తెమ్మందునారా మల్లిగా?" అంది. అని, తనే ముందు తాడు కొసని పట్టుకుని నడిచింది. ఎడ్లని విప్పి అవతలికి తోలించి, బండిని ఎడ్లు లేకుండా, గింజల బస్తాలతో సహా గిరకతో లాగేశాం. దారి పొడవునా ఆ కథని మాకంటే గట్టిగా చెప్పుకుంటూ పేటలోకి వచ్చింది మల్లయ్యే. దసరాకి నాయినమ్మ జీపుకి పసుపూ కుంకుమా పెట్టింది, గిరక తాడు మీద మాత్రం నీళ్ళ చుక్క పడనివ్వలేదు. అమ్ముడు మాట మళ్ళీ ఎత్తితే ఒట్టు.

ఇప్పుడు నాయినమ్మ లేదు. జీపు ఏ పాత ఇనుప దుకాణంలో ముక్కలైందో, చివర దాన్ని తీసుకున్న కరీం చిచ్చా కొడుకులకే తెలియాలి. ఎడ్లబండ్ల వరసలు పలచబడ్డాయి, తోవలకి కంకర పడింది, ఆ వాగు మీద వంతెన కట్టారు. ఈ మధ్య పుట్టింటికి వెళ్తూ బస్సులో దాన్ని దాటాను. లోపల అందరూ కునికిపాట్లు పడుతున్నారు, వాగు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో వాళ్ళకి తెలియదు. నేను మాత్రం లేచి కిటికీ పట్టుకుని నిలబడ్డాను. "కూసో అమ్మా, పడ్తవ్" అని కండక్టరు అరిచాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నేను కూచోలేదు.