నేను మింగిన ప్రశ్న

మా సందు చివర గొంగళ్లు నేసేవాళ్ల ఇల్లుంది. ముసురు తెరిపిచ్చిన రోజు వాళ్లు ఇంటి ముందు పొయ్యి పెట్టి చింతగింజల జిగురు ఉడికిస్తారు. పచ్చిగా, కాస్త పుల్లగా, బరువుగా ఉండే ఆ వాసన సందంతా కమ్ముకుంటుంది. మా కోడలు వెంటనే కిటికీలు మూస్తుంది. నేను వెళ్లి తెరుస్తాను. ఆమె మూయడం, నేను తెరవడం మా ఇంట్లో ఒక ఆనవాయితీ అయిపోయింది. మొన్న ఆమె విసిగిపోయి, ఈ కంపులో మీకేం కనిపిస్తుంది మామయ్యా అని అడిగింది. నాకు కనిపించేది ఒక మనిషి. యూరప్‌లో ఒక పెద్ద మ్యూజియంలో, మొహం కనిపించేంత నునుపైన చెక్క నేల మీద, ధోవతి సర్దుకుని బాసింపట్టు వేసి కూర్చున్న నిర్మల్ భూమన్న.

భూమన్నది నకాషి పని. చెక్క మీద జిగురు, సుద్ద పట్టించి, దాని మీద రంగులతో బొమ్మలు దిద్దే పని అది. నేను జమ్మికుంటలో నేత ఇంట పుట్టి, హైదరాబాదులో చదివి, నిర్మల్‌లో ఒక చిన్న చేతిపనుల కేంద్రంలో గుమాస్తాగా చేరాను. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది. నాకు ఇరవై ఆరేళ్లు, ఆయనకు అరవై దాటాయి. ఇంగ్లీషు గడగడా మాట్లాడతానని నాకు కాస్త పొగరుండేది. కాస్తేమిటి, దండిగానే ఉండేది. ఆయన నన్ను సారూ అనేవాడు, నేను ఆయనను కాకా అనేవాణ్ణి. అలా పిలుస్తూనే, ఈ ముసలాయనకు లోకం ఏం తెలుసులే అని లోపల అనుకునేవాణ్ణి.

ఆ రోజుల్లో నకాషివాళ్లకు పెద్ద కష్టం వచ్చిపడింది. గోడకు తగిలించుకునే పలకల మీద వాళ్లు వేసిన బొమ్మలు ఒక్క వానకాలం గడిస్తే చాలు, చేప పొలుసుల్లా లేచిపోయేవి. పట్నం దుకాణాల నుంచి పెట్టెలు పెట్టెలుగా వాపసు వచ్చేవి. కొత్తగా వచ్చిన డబ్బా రంగుల వల్లే ఇదంతా అని పనివాళ్లు, పని చేతకాకే అని మా అధికారి వాదించుకున్నారు. చివరికి అధికారి ఒక మాట తేల్చి చెప్పాడు. వచ్చే వానకాలం కూడా రంగు లేస్తే పలకల పని మొత్తం మూసేస్తానన్నాడు. ఆ వాడలో ఆ పని మీదే బతికే ఇళ్లు పన్నెండు. భూమన్న ఇద్దరు కొడుకుల ఇళ్లూ వాటిలోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే యూరప్‌లో ఒక ప్రదర్శనకు భూమన్నను పంపాలని ఉత్తర్వు వచ్చింది. జనం ముందు కూర్చుని బొమ్మ వేసి చూపాలి. ఆయనకు తోడుగా, దుబాసిగా నేను. భైంసా దర్జీ దగ్గర కోటు కుట్టించుకున్నాను. చంకల్లో ఎంత బిగుతంటే, చేయెత్తి దండం పెట్టాలన్నా ఆలోచించాల్సి వచ్చేది. భూమన్న మాత్రం రెండు ధోవతులు, ఒక గొంగడి, ఒక డబ్బా కారంపొడి మూటగట్టుకుని వచ్చాడు. ప్రదర్శన అయిపోయాక వచ్చినవాళ్లందరికీ ఆ నగరంలోని మ్యూజియం చూపిస్తారని ఉత్తర్వులో ఉంది. నేను చదివి వినిపించిన వాటిలో ఆయన పట్టుకున్నది అదొక్కటే. అక్కడ చెక్క మీద వేసిన బొమ్మలు ఉంటాయా, ఎన్నేళ్లవి అని అడిగాడు. నాలుగు వందల ఏళ్లు దాటినవి కూడా ఉన్నాయట అన్నాను.

బొంబాయి రైల్లో ఆయన నిద్రపోలేదు, నన్ను పోనివ్వలేదు. "నాలుగు వందల ఏండ్ల సంది లేవని రంగు మనకాడ నాలుగు నెలలకే ఎందుకు లేస్తున్నది? చెక్కకు, రంగుకు నడుమ ఆళ్లు ఏం పెట్టిండ్రు? గిదొక్కటే అడగాలె సారూ. గింత దూరం వచ్చేది గీ ముచ్చట అడుగుతందుకే" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పి వినిపించమన్నాడు. చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. కళ్లు మూసుకుని, చూపుడు వేలితో తొడ మీద మెల్లగా తడుతూ విన్నాడు. నాలుగైదు సార్లకు ఆ ప్రశ్న అర్థం కాకపోయినా దాని నడక, పొడవు ఆయనకు పట్టుబడ్డాయి. ఈ చాదస్తం చూసి నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

ప్రదర్శన ముగిశాక, మ్యూజియంలో మాకు గైడుగా వచ్చినావిడ నడివయసు మనిషి. మడిచిన గొడుగు ఒకటి తల మీదికి ఎత్తి పట్టుకుని చకచకా నడిచేది, ఆ గొడుగును చూసుకుంటూ మేమంతా వెనకే పోవాలి. రెండు గంటల్లో అన్ని గదులూ చూపించి పంపాలని ఆమె పట్టుదల. వేసినవాడి పేరు, వేయించిన రాజు పేరు, ఏ యుద్ధంలో ఎవరు ఎత్తుకుపోయారో చెప్పి గొడుగు ఎత్తేది. నేను ఉత్సాహంగా అన్నీ తెలుగులో చెబుతూ వచ్చాను. భూమన్న వినలేదు. గోడంత పొడవున్న చిత్రాల ముందు కూడా ఆగలేదు. ఎందుకు కాకా అంటే, "గవి బట్ట మీదియి సారూ, మనకెందుకు" అన్నాడు.

చివరికి ఒక గదిలో చెక్క బొమ్మలు కనిపించాయి. బంగారు పూత మీద తల్లీ బిడ్డా, చుట్టూ దేవదూతలు. భూమన్న ఒక పలక ముందు ఆగిపోయాడు. పక్క నుంచి చూశాడు, వంగి కింది నుంచి చూశాడు. ఆ తర్వాత ముక్కు దాదాపు ఆనించి గట్టిగా వాసన పీల్చాడు. నకాషివాళ్లు పూత ఆరిందో లేదో ముక్కుతోనే పసిగడతారు, అది వాళ్ల అలవాటు. కానీ కాపలావాడికి అది తెలియదు కదా. అరుస్తూ పరుగెత్తుకొచ్చి భూమన్న చేయి పట్టి వెనక్కి లాగాడు. గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మాతో వచ్చిన వేరే రాష్ట్రాల పనివాళ్లు కొందరు పకపకా నవ్వారు. ఈయన ఏం చేస్తున్నాడని గైడు నన్ను నిలదీసింది. కోటు లోపల నాకు చెమటలు పోశాయి. భూమన్న మాత్రం చేయి విడిపించుకుని, ఏమీ జరగనట్టు, ఇప్పుడు అడుగు సారూ అన్నాడు.

నేను అడగలేదు. ఇంత అల్లరి అయ్యాక జిగురు గురించి, సుద్ద గురించి అడిగితే మేమిద్దరం పూర్తిగా పల్లెటూరి బైతుల్లా కనబడతామని భయపడ్డాను. చాలా బాగుంది అంటున్నాడండీ అని గైడుకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె తేరుకుని, చిరునవ్వు నవ్వి, గొడుగు ఎత్తింది. ఆమెకు తెలియదట కాకా, పోదాం పద అని భూమన్నతో అబద్ధం ఆడాను.

ఆయన కదలలేదు. "నేను అడుగుమన్నది గంత పొడుగుండె. నువ్వు నాలుగు ముక్కలు చెప్పినవు, ఆమె నవ్వింది. నా ముచ్చట నవ్వేటిది కాదు గద బిడ్డా. నువ్వు మింగినవు" అన్నాడు. ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ పిలుపులో కోపం లేదు. అందుకే ఇంకా సిగ్గేసింది. అంతలోనే ఆయన ధోవతి సర్దుకుని, ఆ బొమ్మ ముందే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "జవాబు రాకున్నా ఫికర్ లేదు. అడగకుంట మాత్రం లేవ."

బతిమాలాను. మనల్ని పోలీసులకు అప్పగిస్తారని బెదిరించాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. గైడు వెంట మిగిలినవాళ్లు పక్క గదిలోకి వెళ్లిపోయారు. కాపలావాడు మళ్లీ వచ్చాడు. కాసేపటికి గైడు కూడా వెనక్కి వచ్చి, కింద కూర్చున్న ముసలాయనను, పక్కన నిలబడ్డ నన్ను మార్చి మార్చి చూసింది. ఇక దారిలేక ప్రశ్న మొత్తం అడిగాను. పన్నెండు ఇళ్ల సంగతి, వానకాలం సంగతి కూడా చెప్పాను. అడుగుతుంటే నా చూపు భూమన్న తొడ మీద పడింది. ఆయన చూపుడు వేలు మెల్లగా తడుతోంది. రైల్లో విన్న ప్రశ్న దాటి నేను ఇంకా మాట్లాడుతుంటే ఆ వేలు కూడా ఆగకుండా నడిచింది. నేను ముగించాకే ఆగింది.

గైడు గొడుగు దించింది. ఎన్నో ఏళ్లుగా జనాన్ని ఈ గదికి తెస్తున్నాను, దీని కింద ఏముందని అడిగినవాళ్లు లేరు, నాకూ తెలియదు అంది. మిగతావాళ్లను ఇంకొకరికి అప్పగించి, పాత బొమ్మలు బాగుచేసే ముసలాయన దగ్గరికి మా ఇద్దరినీ వెనక వైపు గదులకు తీసుకెళ్లింది. తలుపు తీయగానే ఉడికిన జిగురు వాసన వచ్చింది. యూరప్‌లో అడుగు పెట్టాక భూమన్న మొహం మొదటిసారి విప్పారింది. సొంత వాకిట్లోకి వచ్చినట్టు నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు.

ఒక మూల పూత లేచిపోయిన పాత పలకను ఆ ముసలాయన బల్ల మీద పెట్టి, భూమన్న చేతికి భూతద్దం ఇచ్చాడు. చెక్కకూ సుద్దకూ మధ్య సన్నని పోగులు కనిపించాయి. నేత ఇంట పుట్టినవాణ్ణి కదా, ఉతికి ఉతికి మెత్తబడిన పాత బట్ట అని చూడగానే నాకే తెలిసింది. గాలిలో తేమను బట్టి చెక్క ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, ఆ కదలికను బట్ట ఓర్చుకుని పైనున్న సుద్దను కాపాడుతుంది, ఒక పూత ఆరాకే ఇంకో పూత వేయాలి అని ఆయన వివరించాడు. నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

భూమన్న భూతద్దం బల్ల మీద పెట్టి, తన ధోవతి అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "మా బాపు పాత ధోవతి చింపి అతికేటోడు. దేవుని పల్లకిలకు, పీటలకు. ఆరాలంటే నాలుగు దినాలు పట్టేది. పలకలు మస్తుగ అడుగుడు మొదలైనంక జల్ది కావాలెనని నేనే బందు పెట్టిన. నన్ను జూసి అందరు బందు పెట్టిండ్రు. రంగుది తప్పు కాదు, నాది. గిది గూడ చెప్పు బిడ్డా. గిది మింగకు."

నిజం చెప్పాలంటే, ముందటి ప్రశ్న కన్నా ఈ మాటనే ఎక్కువ మింగాలనిపించింది. పరాయి దేశంలో, పరాయివాళ్ల ముందు ఆయన తల దించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అయినా చెప్పాను. ఆ ముసలాయన విని, తొందర మా ఊళ్లోనూ ఉంది, లేకపోతే నాకు పనే ఉండేది కాదు అన్నాడు. అది భూమన్నకు చెబితే ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఊరికి వచ్చిన మర్నాడే భూమన్న పన్నెండు ఇళ్లవాళ్లనూ పిలిచి, అధికారి ముందే, తప్పు తనదని చెప్పాడు. ఇంట్లో పాత ధోవతులన్నీ చింపాడు. బట్ట వేసి చేసిన పది పలకలను ఆ వానకాలమంతా వసారా గోడకు, జల్లు తగిలేచోట వేలాడదీశారు. తొమ్మిది నిలిచాయి. లేచిన ఒక్కటీ తన చిన్న కొడుకుదేనని, పూత ఆరకముందే ఇంకో పూత పూశాడని భూమన్నే అందరికీ చూపించాడు. అధికారి పలకల పని మూసే మాట మళ్లీ ఎత్తలేదు.

మ్యూజియంలో జరిగింది ఆయన ఎక్కడ బయటపెడతాడోనని అన్నాళ్లూ నేను బిక్కుబిక్కుమంటూ తిరిగాను. ఒకరోజు పనివాళ్లు నా ముందే అడిగారు, ఈ సారు అక్కడ మాటలు సరిగ్గా చెప్పాడా అని. భూమన్న కుంచె ఆపకుండా, "మంచిగనే చెప్పిండు. జర ఆలస్యం చేసిండు, గంతే" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

తర్వాత గోండి, మరాఠీ నేర్చుకుని, ఆ ఉద్యోగం వదిలి ఆదిలాబాద్ కోర్టులో దుబాసిగా చేరాను. ఆ భాషలు మాట్లాడే సాక్షుల మాటలను తెలుగులో, ఇంగ్లీషులో చెప్పడం నా పని. ఈ సాక్షి ఏమందో రెండు ముక్కల్లో తేల్చవయ్యా అని వకీళ్లు తొందరపెట్టేవాళ్లు. ఆమె ఇంకా చెప్పింది, నన్ను పూర్తిగా చెప్పనివ్వండి అనేవాణ్ణి. సాక్షికి లాభమైన మాటా చెప్పేవాణ్ణి, నష్టమైన మాటా చెప్పేవాణ్ణి. మొండిఘటం అని పేరొచ్చింది. ఆ పేరుకు నేను బాధపడలేదు.

మొన్న కోడలికి ఇదంతా చెప్పుకొచ్చాను. కాపలావాడు చేయి పట్టి లాగిన దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగింది. ఆ నాలుగు ముక్కల సంగతి భూమన్నకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అప్పట్లో చేతిపనుల కేంద్రానికి రాసిన నివేదికలో కూడా ఆ భాగం రాయలేదు. గైడు తొందరలో ఉండి వినిపించుకోలేదని ఇప్పుడు చెప్పినా కాదనేవాళ్లు లేరు. చూస్తే నా చూపుడు వేలు తొడ మీద తడుతూనే ఉంది, కథ ఇంకా మిగిలి ఉన్నట్టు. అడగలేదమ్మా, నేను మింగేశాను అని చెప్పేశాను. వేలు ఆగింది. మంచిగానే చెప్పాను కాకా. జర ఆలస్యం చేశాను, అంతే.