ఈ పొద్దు కాలవలో ఏం రంగు?

నిన్న తిరుచానూరులో టెంకాయ నీళ్లు తాగబోతే, అమ్మే ఆయన అడక్కుండానే చెప్పినాడు. "భయపడొద్దమ్మా, ఇవి మగ్గాల ఊళ్ల కాయలు కాదు. ఆడ భూమిలో నీళ్లంతా రంగే." మాదీ మగ్గాల ఊరే. కాయ తాగకుండానే వచ్చేసినాను.

పక్కింటి సుగుణా, ఇది చదువుతా ఉండావా? మన కాలవ గ్యాపకముందా? బడి వదిలితే చాలు, ఈ పొద్దు నీళ్లు ఏం రంగని పందెం కట్టి పరిగెత్తేవాళ్లం. వంగపండు రంగైతే నువ్వు గెలిచినట్టు, చిలకపచ్చైతే నేను. పావడా అంచులు ముంచి, రంగు అంటిందని మురిసిపోయేవాళ్లం.

ఆ రంగు మా నాయన నూలు అద్దే తొట్లలోది. ఊర్లో చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చినాక ఆ తొట్లకు సెలవే లేదు. ఒకసారి మీ అమ్మ అడిగింది. "అన్నా, బోరింగు నీళ్లు ఏందో వగరుగా ఉండాయే?"

"రంగే కదమ్మా, నాలుగు వానలు పడితే పోతాది. మనకు కూడు పెట్టేది అదే కదా" అన్నాడు నాయన.

మీ అమ్మ నమ్మింది. నేనూ నమ్మినాను.

కానీ ఆటాడి అలిసి మనం బోరింగు కాడ దోసిలి పట్టినప్పుడంతా, నాయన నన్ను రెక్క పట్టుకోని ఇంట్లోకి లాక్కుపోయేవాడు. కొండ కింద బావి నుంచి సైకిలు మీద తెచ్చుకున్న నీళ్లు కుండలోంచి ముంచి ఇచ్చేవాడు. కూతురంటే ముద్దు అనుకున్నాను ఇన్నేండ్లూ. ఆయనకు అన్నీ తెలుసని నిన్న అర్థమైంది.

నువ్వు ఆ బోరింగు కాడే నిలబడి తాగతా ఉండేదానివి సుగుణా. నాయన ఒక్కనాడన్నా నిన్ను లోపలికి పిలవలేదు.