గేటు దాటని పెట్టె

ఓడరేవు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో నా పని. అచ్యుతాపురం సెజ్‌లోని ఫ్యాక్టరీల సరుకుకు కాగితాలు రాస్తాను. వ్యాపార లెక్కల్లో ఆ సెజ్ పరాయి దేశంతో సమానం. మనం లోపలికి పంపితే ఎగుమతి, లోపలినుంచి తెచ్చుకుంటే దిగుమతి.

చెల్లెలి భర్త అక్కడే పంపులు బిగించే ఫిట్టరు. మోటారు ఒక దేశం నుంచి వస్తుంది, పోత ఇనుము గుల్ల ఇంకో దేశం నుంచి. పంపు ఓడెక్కేటప్పుడు మాత్రం మొత్తం ధరా మన ఎగుమతిగా రాస్తాను.

"మోటారు ఆళ్లది, గుల్ల ఈళ్లది. నా సేతికెంత రాత్తన్నావ్ బావా?" అని ఒక ఆదివారం అడిగాడు.

"దానికి ఫారంలో గడి లేదు."

"అయితే నాను ఊరికే ఎల్లొత్తన్నానన్నమాట," అని నవ్వి, తన చేపముక్క నా కంచంలో వేశాడు.

మొన్న వేసవిలో పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. పెద్దకర్మనాడు ఫోటో ముందు అతని పనిముట్ల పెట్టె పెట్టాలంది చెల్లెలు. ఇంకేమీ అడగలేదు. అందులోవి గాజువాక పాత ఇనుము కొట్లలో ఒక్కొక్కటీ ఏరి కొనుక్కున్న స్పానర్లు. ఫ్యాక్టరీవి అతని చేతికి నప్పేవి కావు.

వెళ్లాను. పెట్టె సెజ్ గేటు గదిలో బల్లమీద ఉంది. చేయి చాస్తే అందుతుంది. కాపలా ఆయన నాకు తెలిసినవాడే.

"లోపలికి తెచ్చినప్పుడు ఎంట్రీ సీటీ రాయించలేదు బాబూ. సీటీ లేదంటే పెట్టె ఇక్కడే పుట్టినట్టు."

"గాజువాకది. మీకూ తెలుసు."

"నాకు తెలిస్తే ఏటి? కెమెరాకి తెల్దు కదా. దిగుమతి కాగితం అట్టుకురండి. అది రాసీది మీరే కదా."

నేనే. ఆఫీసుకు వచ్చి రాయడం మొదలుపెట్టాను. ఏ దేశపు సరుకు అన్నచోట భారతదేశం అని రాశాను. అలాగైతే కొన్న రసీదు జత చేయాలి. పాత ఇనుము కొట్లో రసీదు ఎవరిస్తారు? ఏదో ఒక పరాయి దేశం పేరు రాస్తే సరిపోయేది. భారతదేశం అనే ఉంచి, రసీదు లేకుండానే పంపాను. కాగితం తిరిగి వచ్చింది.

పెద్దకర్మ అయిపోయింది. అతనికి ఇష్టమైనవన్నీ వండి ఫోటో ముందు పెట్టారు. చెల్లెలు వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత ఫ్యాక్టరీవాళ్లు పెట్టె అతనిదేనని ఉత్తరం ఇస్తే బయటికి వచ్చింది. ఆ నెల దిగుమతుల్లో కలిసింది. తీసుకెళ్లి చెల్లెలి ముందు పెట్టాను. ఆమె మూత తీయలేదు.

"ఇప్పుడేటి సేసుకోను అన్నియ్యా? నీకాడే ఉంచు."

అది నా బల్ల కింద ఉంది. కాళ్లు చాపితే తగులుతుంది. ముడుచుకుని కూర్చుని ఆ గేటు కాగితాలే రాస్తున్నాను.